నాలుగు శుక్రవారాల ఉపవాస కూడిక: "దేవుని అధికారానికి లోబడటం" ఎలా నేర్పాలి?

#1 · శుక్రవారం_కూడిక

అందరికీ వందనాలు. ఒంగోలుకు దగ్గర్లో ఒక పల్లె సంఘం. వచ్చే నెల నాలుగు శుక్రవారాలు స్త్రీల ఉపవాస కూడిక, పొద్దున 10 నుంచి 1 దాకా. వచ్చేది పాతికా ముప్పై మంది. సగానికి పైగా చదువు రానివాళ్లు. పొగాకు గ్రేడింగుకో మిరపకోతకో పోయేవాళ్లు ఒకరోజు కూలి వదులుకుని వస్తారు. ఆ మూడు గంటలు ఊకదంపుడుగా పోకూడదు.

అయ్యగారు (మా పాస్టరు) ఇచ్చిన అంశం: దేవుని అధికారానికి లోబడటం, అందులో అణకువ, ప్రార్థన, నమ్మకం. ఏ వాక్యభాగాలు తీసుకోవాలి? సమయం ఎలా పంచాలి? "నీ చిత్తం ప్రభువా" అన్న మాట చివరికి "మన రాత ఇంతేలే" దగ్గరికి జారిపోకుండా ఎలా చెప్పాలి? సాక్ష్యాలు ఇక్కడ వద్దు, పద్ధతి చెప్పండి.

#2 · సండేస్కూలు_బల్ల

రోమా 13తో మొదలుపెట్టొద్దక్కా. అధికారం అనగానే అందరి చెయ్యీ అక్కడికే పోతుంది. అది ప్రభుత్వాల గురించి, పన్నుల గురించి. మొదటి వారం 2 రాజులు 18, 19 పెట్టండి, యూదా రాజు హిజ్కియాకు అష్షూరు రాజు పంపిన బెదిరింపు ఉత్తరం. బ్యాంకు నోటీసు, కోర్టు సమన్లు, స్కానింగ్ రిపోర్టు... కాగితం చేతికొచ్చి కాళ్లు వణికిన ఇల్లు ఆ ముప్పై మందిలో కనీసం ఇరవై ఉంటాయి.

వరుస మాత్రం తప్పొద్దు. ముందు 18:14–16. అష్షూరు రాజును డబ్బిచ్చి వదిలించుకుందామని చూశాడు హిజ్కియా. మందిరంలో ఉన్న వెండి ఇచ్చేశాడు, తలుపులకున్న బంగారం కూడా ఊడదీయించాడు. అయినా సైన్యం యెరూషలేము దాకా వచ్చింది. ఈ ముక్క వదిలేసి నేరుగా ప్రార్థన దగ్గరికి పోతే ఆయన పుట్టుకతోనే విశ్వాసవీరుడిలా కనిపిస్తాడు. వినేవాళ్లకు అందడు.

తర్వాత 19:1–4. గోనెపట్ట కట్టుకున్నాడు, ప్రవక్త యెషయా దగ్గరికి మనుషుల్ని పంపి ప్రార్థన చేయమని అడిగించాడు. రాజు తనకోసం ఇంకొకరిని ప్రార్థించమని అడగడం దగ్గర ఒక నిమిషం ఆగండి. అణకువ గురించి వేరే ప్రసంగం అక్కర్లేదు.

ఇక 14వ వచనం. క్రియలు వేళ్ల మీద లెక్కపెట్టించండి. ఉత్తరం తీసుకున్నాడు. చదివాడు. మందిరానికి వెళ్లాడు. సన్నిధిలో పరిచాడు. చదివాకే పరిచాడు, అది గుర్తుపెట్టుకోండి. మడిచి బీరువాలో పెట్టి "నీకన్నీ తెలుసు ప్రభువా" అని ఊరుకోలేదు.

ప్రార్థన 15 నుంచి 19 దాకా, అయిదే వచనాలు. 15లో దేవుడెవరో చెప్పాడు: కెరూబుల మధ్య నివసించేవాడు, భూమ్యాకాశాలు చేసినవాడు. 16లో చెవి పెట్టు, కళ్లు తెరిచి చూడు అన్నాడు. 17, 18లో ఉన్న పరిస్థితి. అష్షూరు రాజులు దేశాలను పాడుచేసిన మాట నిజమేనని ఒప్పుకున్నాడు, శత్రువు బలాన్ని తగ్గించి చెప్పలేదు. అడగడం 19లో, ఒక్క వాక్యం. దానికీ కారణం ఉంది: నీవే దేవుడవని అన్ని రాజ్యాలూ తెలుసుకోవాలి. అయిదింట ఒక వంతు అడగడం, మిగతాదంతా చూడటం, చెప్పడం. మన ప్రార్థనల్లో ఈ పాళ్లు తలకిందులు.

#3 · పెన్న_ఒడ్డు

నెల్లూరు నుంచి. పైన చెప్పింది బాగుండాది. రెండో వారానికి మత్తయి 8:5–13 పెట్టుకోండమ్మా, శతాధిపతి, అంటే వందమంది సైనికుల మీద అధికారి. అధికారం అనే మాటను బైబిల్లో ఇంత పొట్టిగా, ఇంత తేటగా చెప్పినోడు ఇంకోడు లేడు. నేనూ ఒకరి కింద ఉండేవాణ్ణే, నా కింద సైనికులుండారు, పొమ్మంటే పోతారు, రమ్మంటే వస్తారు అన్నాడు. అంటే తన మాటకుండే బలం తనది కాదని ఆయనకు తెలుసు. పైనుంచి వచ్చింది.

ఆడోళ్లకు చెప్పేటప్పుడు హైవే మీద కానిస్టేబులు బొమ్మ చెప్పండి. పద్నాలుగు చక్రాల లారీ, బక్క కానిస్టేబులు. చెయ్యెత్తితే ఆగుద్ది. ఆపింది ఆ చెయ్యా? అదే చెయ్యి డ్యూటీ దిగి, లుంగీ కట్టుకోని ఎత్తమనండి, ఎవుడాగుతాడు?

ఇంకోటి. 6వ వచనం జాగ్రత్తగా చూడండి. ఆ వచనంలో శతాధిపతి ఇది చెయ్యి అని అడగలేదు. పనోడు ఇంట్లో పక్షవాయువుతో పడుండాడు, బాధపడతండాడు అని చెప్పాడు, అంతే. ఏం చెయ్యాలో, ఎట్ట చెయ్యాలో దేవుడికి పాఠం చెప్పే ప్రార్థనలు మన కాడ ఎక్కువ.

#4 · నిఘంటువు_పురుగు

ప్రశ్నలోని మూడోది మాటల దగ్గరే చిక్కుపడింది. నాలుగు మాటలు విడదీసి చెప్పకపోతే ఎన్ని వారాలు చెప్పినా "రాత" దగ్గరికే వస్తారు.

చిత్తం. పాతకాలంలో జమీందారు ముందు నౌకరు చేతులు కట్టుకుని అనే మాట "చిత్తం దొరా". ఒకప్పుడు వెంకటగిరి జమీందారీ సంస్థానం ఏలిన వైపు మనది, పాత నాటకాలూ సినిమాలూ చూసినవాళ్ల చెవిలో ఆ మాట ఇంకా మోగుతూనే ఉంటుంది. అందుకే "నీ చిత్తం" అనగానే నడుం వంగుతుంది, నోరు మూసుకుంటుంది. పరలోక ప్రార్థనలో ఆ మాట ముందు ఏముందో చూపించండి: "తండ్రీ". నౌకరు నోట్లో చిత్తం అంటే సంభాషణ అయిపోయినట్టు. ఇక్కడ అది సంభాషణ మధ్యలో ఉంది, దాని తర్వాతే రొట్టె అడుగుతాం, అప్పులు క్షమించమంటాం.

లోబడటం. లోపలికి పడటం, ఒకరి ఏలుబడి లోపలికి రావడం. ఓడిపోవడం అనే అర్థం కూడా వాడుకలో ఉంది కాబట్టి "ఆయన గొడుగు కిందికి రావడం" అని ఒకసారి విడమరచండి.

దీనుడు. వాడుకలో ఇది జాలిగొలిపేవాడు. బైబిల్లో దీనమనస్సు అంటే తనని ఉన్నదానికంటే ఎక్కువగా లెక్కవేసుకోనివాడి మనసు. కూడికలో "అణకువ" వాడటమే మేలు. అణకువ గల కోడలు అని పొగిడే ఊళ్లలో ఆ మాటకూ ఒక బరువుందనుకోండి, దాని సంగతి వేరేవాళ్లు చెబుతారు.

విశ్వాసం, నమ్మకం. విశ్వాసం గుడిమాట అయిపోయింది. "నమ్మకం" అంటే చీటీపాట దగ్గర్నుంచి మందుకొట్టు ఖాతా దాకా అందరికీ తెలిసిందే. అవతలి మనిషి ఎవరో తెలిసి పెట్టేది.

#5 · తల్పగిరి_గాలి

నేను సంఘస్థుణ్ణి కాను, నెల్లూరు రంగనాయకులపేట వైపు వాణ్ణి. అభ్యంతరం లేకపోతే ఒక్కమాట. మా శ్రీవైష్ణవంలో ఇదే ప్రశ్న మీద వందల ఏళ్లు వాదించుకున్నారు. శరణాగతికి, అంటే దేవుణ్ణి శరణు వేడటానికి, ఆరు అంగాలు చెబుతారు: అనుకూలంగా ఉంటానన్న సంకల్పం, ప్రతికూలమైనది వదలడం, కాపాడతాడన్న విశ్వాసం, నువ్వే కాపాడమని నోరు తెరిచి కోరడం, తనని తాను అప్పగించడం, నాకు వేరే గతి లేదని ఒప్పుకోవడం. గమనించండి, కోరడం అందులో ఒక అంగం. ఆయనకు తెలుసులే అని నోరు మూసుకుంటే శరణాగతి కుంటుపడుతుంది.

కోతిపిల్ల, పిల్లిపిల్ల అని రెండు పోలికలున్నాయి. కోతిపిల్ల తల్లిని గట్టిగా కరుచుకుంటుంది, పిల్లిపిల్లను తల్లే నోట కరుచుకుని తీసుకెళుతుంది. శ్రీవైష్ణవంలో రెండు శాఖలు: వడగలై వారు మొదటిది, తెంగలై వారు రెండోది అంటారు. ఎవరూ "పిల్ల అరవకూడదు" అనలేదు.

#6 · కాపరి_కావలి

#5 అన్నకు వందనాలు, మంచి పోలిక. మన సిద్ధాంతం వేరు, దారి వేరు, అది అలా ఉంచుదాం. కానీ "కోరడం ఒక అంగం" అన్నది ఈ చర్చకు అవసరమైన ముక్కే.

రాతకూ చిత్తానికీ తేడా చెప్పడానికి గెత్సేమనే తీసుకోండి, మత్తయి 26:36–46, సిలువకు ముందు రాత్రి యేసు ప్రార్థించిన తోట. మూడుసార్లు వెళ్లి ప్రార్థించాడు. మొదటిసారి శ్రమల గిన్నె తొలగించమన్నాడు. రెండోసారి మాట కొంచెం మారింది, నేను తాగితేగానీ ఇది పోకపోతే నీ చిత్తమే జరగనీ అన్నాడు. మూడోసారి మళ్లీ అదే. నీ చిత్తం అన్న మాటకు రావడానికి కుమారుడికే ఒక రాత్రి, మూడు విడతలు పట్టింది. మన ఆడవాళ్లను మొదటి నిమిషంలోనే ఆ మాట అనమని తొందరపెడతాం. హెబ్రీ 5:7 దీనికి జోడించండి: కన్నీళ్లతో, పెద్ద కేకలతో ప్రార్థించాడని అక్కడ రాసి ఉంది.

పౌలూ తన శరీరంలోని ముల్లు (తనను బాధపెట్టేది) తీయమని మూడుసార్లు వేడుకున్నాడు (2 కొరింథీ 12:8). వచ్చిన జవాబు కాదనే. కానీ జవాబు వచ్చింది. రాతకు జవాబు చెప్పే నోరుండదు. తేడా అంతా అక్కడ.

#7 · నర్సు_డ్యూటీ

వాక్యం సంగతి మీరు చూసుకోండి. ఉపవాసం అన్నారు కాబట్టి నా పని నేను చెబుతాను, దయచేసి ఇది మొదటి శుక్రవారం మొదలుపెట్టకముందే చదివి వినిపించండి.

షుగరుకు ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, గ్లిమెపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ లాంటి బిళ్లలు వేసుకునేవాళ్లు బిళ్ల వేసుకుని కడుపు మాడ్చుకుంటే షుగరు పడిపోతుంది. బిళ్ల మానేసి ఉపవాసం చేస్తే పెరిగిపోతుంది. వాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా ఉపవాసం చేయకూడదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ ప్రమాదం తక్కువే, అయినా అడగాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు చేయొద్దు. టీబీ బిళ్లలు, ఫిట్స్ బిళ్లలు ఒక్క పూట కూడా తప్పకూడదు. బీపీకి ఒంటేలు ఎక్కువ పోయే బిళ్ల వేసుకుని నీళ్లు తాగకపోతే లేవగానే కళ్లు తిరిగి పడతారు. ఒంగోలు ఎండల్లో నీళ్లు కూడా మానే ఉపవాసం ఎవరికీ వద్దు. మజ్జిగ, నీళ్లు పెట్టండి.

పడిపోయిన షుగరు గుర్తులు: చల్లని చెమట, చేతుల వణుకు, గుండె దడ, తికమకగా మాట్లాడటం. మీటరు ఉంటే 70 కంటే తక్కువ. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడండి, షుగరు ఇంకా తక్కువే ఉంటే ఇంకోసారి తాగించండి. తేరుకున్నాక ఏదైనా తినిపించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

ఇంకా ముఖ్యమైనది. ప్రార్థనలో ఒకామె వణికిపోతూ, చెమటలు కారుతూ ఏదేదో మాట్లాడుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు ఆత్మ దిగిందనుకుని స్తుతులు పెంచుతారు, లేకపోతే దయ్యమని తల మీద చెయ్యేసి గద్దిస్తారు. ముందు షుగరు చూడండి. రెండు నిమిషాల పని.

#8 · అగ్నిజ్వాల

సిస్టర్ గారూ, కూడికకు పంచదార డబ్బా, మీటరు తెచ్చుకుంటే విశ్వాసం ఎక్కడున్నట్టు? అధికారానికి లోబడటం అంటే పూర్తిగా ఆయన మీద ఆధారపడటమే కదా.

#9 · సండేస్కూలు_బల్ల

బ్రదర్, అదే హిజ్కియా దగ్గరికి రండి. 2 రాజులు 20. చావు తప్పదన్నారు, గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు, ఇంకా 15 సంవత్సరాలు ఇస్తానని దేవుడు చెప్పాడు. మాట వచ్చేసింది కదా, అక్కడితో ఆగొచ్చు. 7వ వచనంలో యెషయా ఏం తెమ్మన్నాడు? అంజూరపు పండ్ల ముద్ద. పుండు మీద వేశారు. ప్రవక్తే పట్టీ వేయించాడు. తిమోతి కడుపునొప్పికి పౌలు ప్రార్థనే కాదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్న సలహా కూడా రాశాడు (1 తిమోతి 5:23).

2 రాజులు 20లోనే 20వ వచనం కూడా చదవండి, నీళ్లు పట్టణంలోకి తెచ్చిన కాలువ. 2 దినవృత్తాంతాలు 32లో ఊటలు ఎలా మూయించాడో ఉంది. ఆ సొరంగం యెరూషలేములో ఇప్పటికీ ఉంది, దాదాపు 533 మీటర్లు. రెండు కొసల నుంచీ రాయి తొలుచుకుంటూ వచ్చి మధ్యలో కలిశారు. కలిసిన సంగతి చెక్కిన శాసనం 1880లో దొరికింది. అదే మనిషి ఒక చేత్తో ఉత్తరం పరిచాడు, ఒక చేత్తో రాయి కొట్టించాడు. దీనికి ఆయన్ని దేవుడు అవిశ్వాసి అనలేదు.

#10 · అగ్నిజ్వాల

అంజూరపు ముద్ద సంగతి ఒప్పుకుంటాను. మందు మీద నమ్మకం పెట్టొద్దన్నది మాత్రం నా మాట.

#11 · నర్సు_డ్యూటీ

దానికి నాకూ అభ్యంతరం లేదు. పెట్టొద్దు, వేసుకోండి.

#12 · మైకు_లేని_పల్లె

సమయం పంపకం. మూడు గంటల కూడిక చెడిపోయేది ఎప్పుడూ ఒకేలా: పాటలు 20 నిమిషాలనుకుంటే 50 అవుతాయి, సాక్ష్యాలు మొదలుపెడితే ఆగవు, వాక్యం 12కి మొదలవుతుంది, ప్రార్థనకు 15 నిమిషాలు మిగులుతాయి, అప్పటికి సగం మంది పిల్లల బడి గుర్తొచ్చి లేస్తారు. అందుకని ప్రార్థనను చివరికి నెట్టొద్దు, ముక్కలుగా మధ్యలో పెట్టండి.

10 నుంచి 10:20 పాటలు, మూడే. పాట ఎన్నుకునే మనిషి ముందురోజే తేల్చుకోవాలి. 10:20 నుంచి 10:50 వాక్యం మొదటి సగం. వెంటనే 20 నిమిషాలు ప్రార్థన, విన్నదాని మీదే. 11:10కి నీళ్లు, మజ్జిగ, 10 నిమిషాలు. 11:20 నుంచి 11:45 వాక్యం రెండో సగం. 11:45 నుంచి 12:40 ప్రార్థన, ఇదే అసలు. 12:40 నుంచి 1 దాకా పరలోక ప్రార్థన, ఆశీర్వాదం, తర్వాత అందరూ కలిసి గంజి.

చదువు రానివాళ్లకు వాక్యం చెప్పే తీరు వేరు. ఒకే భాగం మూడుసార్లు చదవాలి. మొదటిసారి ఊరికే వినాలి. రెండోసారి సగం వాక్యం చదివి ఆపితే వాళ్లు తిరిగి పలకాలి. మూడోసారి చదవకుండా "తర్వాత ఏం చేశాడు?" అని అడగాలి. #2లో చెప్పిన తీసుకున్నాడు, చదివాడు, వెళ్లాడు, పరిచాడు... దీనికి సరిగ్గా సరిపోతుంది. నాలుగు వేళ్లు, నాలుగు పనులు. ఇంటికి పోయేటప్పుడు ఆ వేళ్లే వాళ్లకు నోట్సు.

అందరూ ఒక్కసారే గట్టిగా చేసే ప్రార్థన 5 నిమిషాలకు మించనీయొద్దు. అందులో గొంతు పెద్దవాళ్లే వినపడతారు, కొత్తగా వచ్చినామె పెదాలు కదిపి ఊరుకుంటుంది. మిగతాది గొలుసు ప్రార్థన. ఆరుగురేసి గుండ్రంగా, మనిషికి ఒక్క వాక్యం. ఒక్క వాక్యమే అన్న నిబంధన పెద్దక్కలకు కష్టం. అయినా పట్టుబట్టండి.

నోరు రానివాళ్లకు యెహోషాపాతు మాట నేర్పండి, 2 దినవృత్తాంతాలు 20:12 చివర్లో ఉంది: "ఏమి చేయుటకును మాకు తోచదు, నీవే మాకు దిక్కు". రాజు నోట వచ్చిన మాట అది, దేశమంతా నిలబడి ఉండగా. తోచదని ఒప్పుకున్నందుకు రాజరికం పోలేదు.

#13 · శుక్రవారం_కూడిక

చాలా ఉపయోగం, అందరికీ వందనాలు. #6, మూడో వారానికి గెత్సేమనే ఒక్కటే చాలా? ఏడుపు, ఫిర్యాదు దేవుడి ముందు పెట్టొచ్చా అన్నది మా దగ్గర పెద్ద సందేహం. "గొణగకూడదు, ఇశ్రాయేలీయులు గొణిగి చచ్చారు" అంటారు.

#14 · కాపరి_కావలి

గెత్సేమనేకు ముందు కీర్తన 13 పెట్టండి. ఆరే వచనాలు. మొదటి రెండు నిండా ఎంతకాలం, ఎంతవరకు అన్న ప్రశ్నలే. తర్వాతి రెండు వినతి: నా కళ్లకు వెలుగివ్వు, లేకపోతే చచ్చిపోతాను, శత్రువు నవ్వుతాడు. చివరి రెండు నమ్మకం, పాట. మూడు భాగాలు, రెండేసి వచనాలు. ఫిర్యాదు, వినతి, నమ్మకం. ఫిర్యాదుకూ నమ్మకానికీ సమాన చోటు ఇచ్చారు, ఫిర్యాదునే ముందు పెట్టారు.

ఎడారిలో గొణుగుడుకూ దీనికీ తేడా ఎటు తిరిగి మాట్లాడారన్నది. అక్కడ డేరాల్లో కూర్చుని ఒకరితో ఒకరు దేవుడి మీద చెప్పుకున్నారు. కీర్తనలో దేవుడితోనే చెప్పాడు. యోబు సంగతి చూడండి. దేవుడు 38 నుంచి 41 దాకా ప్రశ్నల వర్షం కురిపించాడు, యోబు నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. కానీ 42:7లో తప్పు పట్టింది ఎవరిని? దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్న స్నేహితులను. అరిచిన యోబు సరిగా మాట్లాడాడన్నాడు.

కూడికలో చేయడం ఇలా. మొదటి 10 నిమిషాలు "ఎంతకాలం ప్రభువా" అని మొదలయ్యే వాక్యాలు మాత్రమే. ఎవరూ జవాబు చెప్పకూడదు, ఓదార్చకూడదు, వాక్యం విసరకూడదు. ఇది చాలా కష్టం, మన నోరు ఊరుకోదు. ఒకామె "ఎంతకాలం ప్రభువా ఈ తాగుడు" అనగానే పక్కనామె "అన్నీ మేలుకేలే వదినా" అంటుంది. ఆ మాటతో ఆమె ఇక నోరు విప్పదు. ముందే చెప్పి ఉంచండి. తర్వాత 10 నిమిషాలు వినతి. చివరి 5 నిమిషాలు నమ్మకం. ఆ చివరిది బలవంతం చేయొద్దు, రానివాళ్లు ఊరికే కూర్చోవచ్చు.

#15 · గడప_లోపల

ఇంతవరకు ఎవరూ తీయని మాట ఒకటుంది. ఆడవాళ్ల కూడికలో "లోబడటం" అని నాలుగు వారాలు చెబితే ఇంటికి వెళ్లేసరికి అది "మొగుడికి లోబడు" అయిపోతుంది, కొడుతున్నా సరే. #4లో అణకువ గల కోడలు అన్నారే, అదే.

నాలుగో వారం 1 పేతురు 5:1–7 తీసుకోండి. ఈ భాగంలో మొదట హెచ్చరిక పెద్దలకు: మీకు అప్పగించిన మంద మీద ప్రభువుల్లా ఏలొద్దు. ఆ తర్వాతే చిన్నవాళ్లకు, ఆ వెంటనే అందరికీ ఒకరిపట్ల ఒకరికి అణకువ అంటాడు. అప్పుడు దేవుని బలమైన చేతి కింద తగ్గించుకోమంటాడు. "మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి" అన్న మాట దాన్ని అంటిపెట్టుకునే వస్తుంది. గ్రీకులో ఈ రెండూ ఒకే వాక్యం, చింత వేయడం తగ్గించుకోవడంలో భాగం. నా బరువు నేనే మోస్తానన్నది కూడా ఒకరకం గర్వమే.

మనిషి అధికారానికి హద్దుందన్నది అపొస్తలుల కార్యములు 5:29లో ఉంది. ఇది చెప్పేది పేతురే, లోబడమని రాసిందీ ఆయనే. రెండూ కలిపి చెప్పండి. ఎవరైనా కొట్టుడు సంగతి బయటపెడితే "ప్రార్థన చేద్దాం, సర్దుకో" అని పంపించొద్దు. స్త్రీల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112. 2005 నాటి గృహహింస చట్టం ఉంది, ఆ ఇంట్లో ఉండే హక్కు, రక్షణ ఉత్తర్వు దాని కింద అడగొచ్చు. ఆ నంబర్లు బోర్డు మీద రాయండి, ఎవరి పేరూ ఎత్తకుండా.

#16 · పెన్న_ఒడ్డు

బాగా చెప్పావమ్మా.

నమ్మకానికి ఏదన్నా మన ఊరి ఉదాహరణ కావాలంటే ఒంగోలు ప్రార్థన కొండ ఉండనే ఉండాది. 1854 జనవరి 1 తెల్లారుజామున అమెరికా మిషనరీ క్లౌ దొర ఆ కొండెక్కి ప్రార్థన చేశాడు గదా.

#17 · సండేస్కూలు_బల్ల

అన్నా, చిన్న సవరణ, చాలా ప్రసంగాల్లో దొర్లే పొరపాటు. 1854లో కొండెక్కింది నెల్లూరు నుంచి వచ్చిన మిషనరీలు జ్యూయెట్ దంపతులు, వాళ్లతో ముగ్గురు తెలుగువాళ్లు. మొత్తం అయిదుగురు. నెల్లూరు మిషన్‌ను 1840లో శామ్యూల్ డే మొదలుపెట్టాడు. ఫలం లేదని మూసేద్దామన్న మాట అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. ఆ కొండ మీద ఒంగోలుకు ఒక మనిషిని పంపమని అడిగారు. క్లౌ దంపతులు ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. 1867 జనవరి 1న సంఘం ఏర్పడేనాటికి సభ్యులు ఎనిమిది మంది. అడగడానికీ రావడానికీ మధ్య 12 ఏళ్లు. ప్రార్థన కొండ గురించి చెబితే ఆ పన్నెండేళ్ల గురించి చెప్పండి, మనవాళ్లు అది మింగేస్తారు.

క్లౌ ఉదాహరణ కావాలంటే 1876–78 కరువు ఉంది. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇవ్వమని జనం అడుగుతున్నా కరువు సాయం నడిచినంతకాలం ఆపేశాడు. గంజి కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ఆగాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలో దించినవాళ్లు ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున. క్లౌ స్వయంగా ఎవరికీ ఇవ్వలేదు. చాలామంది ఈ సంఖ్య దగ్గర ఆగిపోతారు. నాకైతే ఆపిన నెలలే ఎక్కువ బరువుగా కనిపిస్తాయి.

#18 · మైకు_లేని_పల్లె

మొక్కుబడుల సంగతి ఒక్కముక్క, ఇది తప్పకుండా లేస్తుంది. "ఈ పని చేస్తే బంగారు ఉంగరం కానుక వేస్తా" అనేది అధికారాన్ని ఒప్పుకోవడం కాదు, బేరం. ప్రసంగి 5:4–5 చదివి ఊరుకోండి: మొక్కుకుని తీర్చకపోవడం కన్నా మొక్కుకోకపోవడం మేలు. కానుక విషయం ఈ నాలుగు వారాలూ ఎత్తకపోతే ఇంకా మంచిది. ఒకరోజు కూలి ముందే ఇచ్చి వచ్చారు వాళ్లు.

#19 · శుక్రవారం_కూడిక

మొదటి వారానికి ఒక ఆలోచన. హిజ్కియాలాగా ఎవరి కాగితం వాళ్లు తెచ్చి బల్ల మీద పరిస్తే? నోటీసో, రిపోర్టో. లేనివాళ్లు చీటీ రాయించుకుంటారు. ఇందులో ఏమైనా ఇబ్బంది ఉందా?

#20 · గడప_లోపల

ఉంది. పల్లెలో ముప్పై మంది ఆడవాళ్ల ముందు బ్యాంకు నోటీసు పరిస్తే సాయంత్రానికి చెరువుగట్టు దాకా పోతుంది. ప్రార్థన మనవి అని చెప్పుకుని ఊరి కబుర్లు మోసే అలవాటు లేని సంఘం లేదు. హెచ్‌ఐవీ రిపోర్టు, టీబీ కార్డు అయితే ఇంకా ప్రమాదం.

కాగితం రాత లోపలికి పోయేట్టు నాలుగు మడతలు పెట్టించండి. పేరు వద్దు. చీటీ రాసిపెట్టే మనిషి ఒక్కరే ఉండాలి, ఆ సంఘంలో పుకారు మొయ్యని మనిషి, పక్క ఊరి టీచరమ్మ అయినా ఫర్వాలేదు. రాయించుకోవడం ఇష్టం లేనివాళ్లకు తెల్ల కాగితం ఇవ్వండి, అదే మడిచి పెడతారు. దేవుడికి రాత అక్కర్లేదు.

#21 · సండేస్కూలు_బల్ల

బల్లను గోడకు ఆనించి పెట్టండి, చుట్టూ తిరిగి చూసే వీలు లేకుండా. పరిచేది ఒక్కొక్కరుగా, మిగతావాళ్లు కళ్లు మూసుకుని. పైన ఫ్యాన్ తిరుగుతుంటే కాగితాలు ఎగిరిపోతాయి, ఒక్కోదాని మీద చిన్న గులకరాయి పెట్టే ఏర్పాటు చేసుకోండి. గుండ్లకమ్మ రాళ్లు ముప్పై ఏరుకుంటే చాలు.

అయిపోయాక ఆ కాగితాలు మీ దగ్గర ఉంచుకోవద్దు, కాల్చొద్దు కూడా. కోర్టు కాగితం వాయిదాకు కావాలి, రిపోర్టు డాక్టరుకు చూపించాలి. ఎవరిది వాళ్లే, పెట్టిన వరుసలోనే, తీసుకుని వెళ్లాలి. వాయిదా తారీఖు ఎప్పుడో, డాక్టరు మళ్లీ ఎప్పుడు రమ్మన్నాడో తలుపు దగ్గర ఒక్కొక్కరిని చెవిలో అడిగి, కాగితం వెనకవైపు పెన్సిలుతో రాసివ్వండి.